మలద్వార లోపముతో పుట్టిన శిశువు – వెన్నుపాము పరీక్ష

బిడ్డ పుట్టి ఒక దినము గడచినది. మలవిసర్జన కాలేదు, కడుపు ఉబ్బుచున్నది. పరిశీలించి చూడగా మలద్వారము ఉండవలసిన చోట రంధ్రము లేదు, లేదా సన్నని రంధ్రము వేరొక చోట నున్నది. సుమారు 5,000 జననములకు ఒక శిశువు ఇట్లు పుట్టుచుండును. దీనికి గ్రహణము కారణము కాదు. తల్లి చేసిన తప్పు ఏదియు లేదు. ఇంటివద్ద గుచ్చి ద్వారము చేయుటకు ఎవ్వరును ప్రయత్నింపరాదు. బిడ్డను వెచ్చగా కప్పి, ఆలస్యము చేయక శిశు శస్త్రచికిత్స జరుగు ఆసుపత్రికి చేర్చవలెను.

అచ్చట వైద్యులు పలువురు శిశువులకు మొదట పొట్టపై తాత్కాలిక మార్గము నేర్పరచి, పిదప క్రొత్త మలద్వారమును నిర్మింతురు. 1980లో మెక్సికోలో ఆల్బర్టో పేన్యా, పీటర్ డివ్రీస్ అను వైద్యులు ఆరంభించిన పద్ధతి నేడు లోకమంతట వాడుకలో నున్నది. అయితే ద్వారము సరియైనంత మాత్రమున పని ముగిసినట్లు కాదు.

గర్భము నిలిచిన తొలి రెండు మాసములలో పురీషనాళము, మూత్రాశయము, వెన్నెముక చివరి ఎముకలు, వెన్నుపాము కొన ప్రక్కప్రక్కనే రూపొందును. ఒకచోట లోపము కలిగినప్పుడు ప్రక్కను కూడ కలుగవచ్చును. మలద్వార లోపముగల పిల్లలలో ఇంచుమించు నాల్గవ వంతు మందికి వెన్నుపాము కొన క్రిందికి అంటుకొని యుండును. లోపము స్వల్పమైన వారియందును ఇది కనిపించును.

సాధారణముగా వెన్నుపాము నడుములోని మొదటి, రెండవ పూసలవద్ద ముగిసి, కొన స్వేచ్ఛగా నుండును. ఈ పిల్లలలో అది పొట్టి పలుపుతో గుంజకు కట్టిన దూడవలె నుండును. ఎదిగినకొలది నరములు లాగబడి, కాళ్ల బలమును, మలమూత్రముల అదుపును తగ్గించును. బడికి పోవు వయస్సున పిల్లవాడు బట్టలు తడుపుకొనుచున్నచో పెద్దలు సోమరితనమని కొట్టుదురు. లోపల మూత్రపిండములు చెడుచుండవచ్చును.

దీనిని కనుగొనుట కష్టము కాదు. తొలి 3 మాసములలో వెన్నుపూసల వెనుక భాగము ఇంకను గట్టిపడదు గనుక అల్ట్రాసౌండు పరీక్షలోనే వెన్నుపాము కనిపించును. నొప్పి ఉండదు. ఆ గడువు దాటినచో, లేక సందేహమున్నచో, ఎం.ఆర్.ఐ. తీయవలసి యుండును. మూత్రపిండములను, గుండెను కూడ పరీక్షింపవలెను. అవసరమైనచో నరముల శస్త్రచికిత్సకుడు అంటుకొన్న కొనను విడదీయును.

1931లో పూర్తియైన రైలుమార్గము విజయనగరమును రాయపూరుతో కలిపినది. రాయపూరు, భిలాయి ప్రాంతముల తెలుగు కుటుంబములకు నేడు దూరప్రయాణము అక్కరలేదు. రాయపూరులో 1963లో వైద్య కళాశాల, 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆరంభమైనవి. ఆ సంస్థలో శిశు శస్త్రచికిత్సా విభాగము కలదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షింతురు.

తల్లిదండ్రులు ఈ గుర్తులను కనిపెట్టవలెను: నడుము క్రింద గుంట, వెండ్రుకల కుచ్చు, మెత్తని గడ్డ, ఎడతెగక మూత్రము కారుట, నడకలో తేడా, పాదము వంకర, ఎదిగిన పిల్లలకు నడుమునొప్పి. ఇంటికి పంపునప్పుడు వైద్యుని ఒక్క మాట అడుగుడు: “మా బిడ్డ వెన్నుపామును పరీక్షించితిరా?” సకాలమున అడిగిన ఆ ప్రశ్న బిడ్డ నడకను, మూత్రపిండములను కాపాడవచ్చును.