రౌటర్ ఏ దారిని ఎంచుకుంటుంది? బి.జి.పి. మార్గాల ఎంపిక, నమోదు

ఒకే సంస్థ లోపల రౌటర్లు ఓ.ఎస్.పి.ఎఫ్. వంటి ప్రోటోకాల్‌ల సాయంతో దారులు ఎలా తెలుసుకుంటాయో మీరు చదివే ఉంటారు. ఈ పాఠంలో సంస్థ గడప దాటి బయటికి వెళదాం. ఇంటర్నెట్ అంటే ఒకే నెట్‌వర్క్ కాదు. విడివిడిగా నడిచే డెబ్బై వేలకు పైగా నెట్‌వర్క్‌ల కూటమి అది. వీటిలో ఒక్కొక్కదాన్ని అటానమస్ సిస్టమ్, క్లుప్తంగా ఏ.ఎస్. అంటాం. ప్రతి ఏ.ఎస్.కు ఒక సంఖ్య ఉంటుంది. ఈ నెట్‌వర్క్‌లు "ఫలానా చిరునామాలకు నా మీదుగా రావచ్చు" అని ఒకదానికొకటి చెప్పుకునే భాషే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, అంటే బి.జి.పి.

1989లో కిర్క్ లోహీడ్, యాకొవ్ రెక్టర్ అనే ఇంజినీర్లు భోజనం బల్ల దగ్గర కాగితపు నాప్‌కిన్ల మీద దీని తొలి రూపాన్ని గీశారు. అప్పటికి ఉన్న చిక్కు తీరితే చాలన్నది వారి ఉద్దేశం. అదే నేటికీ ప్రపంచాన్ని మోస్తోంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది నాలుగో రూపం. దాని నిబంధనలు 2006 జనవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 4271లో ఉన్నాయి. రెండు రౌటర్లు టి.సి.పి. 179వ పోర్టు మీద సంబంధం కలుపుకొని ప్రకటనలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ప్రతి ప్రకటనలో ఒక చిరునామాల సముదాయం, అంటే ప్రిఫిక్స్, ఉంటుంది. అక్కడికి చేరే లోపు దాటవలసిన ఏ.ఎస్.ల వరుస, తరువాతి మజిలీ అయిన నెక్స్ట్ హాప్, మరికొన్ని లక్షణాలు కూడా దానితోపాటే వస్తాయి.

ఒకే ప్రిఫిక్స్ గురించి నలుగురు పొరుగువారు నాలుగు దారులు చెబితే రౌటర్ ఏం చేయాలి? వచ్చిన వాటన్నిటినీ మొదట ఒకచోట ఉంచుతుంది. వరుసలో తన సొంత ఏ.ఎస్. సంఖ్యే కనిపిస్తే ఆ ప్రకటనను తిరస్కరిస్తుంది. లేకపోతే ప్యాకెట్లు గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతాయి. నెక్స్ట్ హాప్‌ను చేరే దారి లేని మార్గాన్ని కూడా పోటీలోకి రానివ్వదు. మిగిలినవాటి మధ్య పోలిక మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక విశ్వవిద్యాలయం ఇద్దరు సర్వీసు ప్రొవైడర్ల వద్ద కనెక్షన్ తీసుకుందనుకోండి. 203.0.113.0/24 అనే ప్రిఫిక్స్‌కు మొదటి ప్రొవైడర్ 64500, 64505, 64510 అనే వరుసను, రెండో ప్రొవైడర్ 64501, 64510 అనే వరుసను చెప్పారు. మరేమీ చూడకపోతే రెండోదే గెలుస్తుంది, ఎందుకంటే వరుస పొట్టిది. కానీ రెండో కనెక్షన్ ఖరీదైనదని, అవసరమైతేనే వాడాలని నిర్వాహకులు అనుకున్నారు. అందుకని మొదటి ప్రొవైడర్ నుండి వచ్చే మార్గాలకు లోకల్ ప్రిఫరెన్స్ అనే విలువను 200గా పెట్టారు. మామూలుగా అది 100 ఉంటుంది. ఇప్పుడు పొడుగు దారే గెలుస్తుంది. లోకల్ ప్రిఫరెన్స్‌ను ఏ.ఎస్. వరుస పొడవు కంటే ముందు చూస్తారు కాబట్టి. బి.జి.పి. దగ్గరి దారిని వెతుకుతుందని చాలా పుస్తకాల్లో రాస్తారు గాని, ఆ మాట సగమే నిజం. ముందు యజమాని ఇష్టం, ఆ తరువాతే దూరం. ఆ దూరం కూడా కిలోమీటర్లలో కాదు. దేశమంతా వ్యాపించిన నెట్‌వర్క్ అయినా, ఒక్క వీధికి పరిమితమైన నెట్‌వర్క్ అయినా వరుసలో ఒక్క సంఖ్యగానే లెక్కకు వస్తుంది.

అక్కడా సమానమైతే మార్గం పుట్టుక ఎలాంటిదో చూస్తారు. తరువాత, ఒకే పొరుగు ఏ.ఎస్. నుండి వచ్చిన మార్గాలైతే ఎం.ఇ.డి. విలువ తక్కువ ఉన్నదాన్ని, ఆ పైన సొంత సంస్థలోని మరో రౌటర్ చెప్పినదాని కంటే బయటివారు నేరుగా చెప్పినదాన్ని, ఆ పైన నెక్స్ట్ హాప్‌కు లోపలి దారి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటారు. ప్యాకెట్‌ను వీలైనంత త్వరగా తన నెత్తి మీద నుండి దించుకోవాలన్నదే ఈ చివరి నియమంలోని కిటుకు. అప్పటికీ తేలకపోతే రౌటర్ గుర్తింపు సంఖ్య చిన్నదైన పొరుగువానిదే గెలుపు. సిస్కో రౌటర్లలో వీటన్నిటికంటే ముందు వెయిట్ అనే విలువను చూస్తారు. అది ఆ ఒక్క రౌటర్‌కే పరిమితం.

గెలిచినంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఈ సంగతి పరీక్షల్లో చాలామంది మరచిపోతారు. బి.జి.పి. పట్టికలో ఉత్తమ మార్గం వేరు, రౌటింగ్ పట్టికలో నమోదైన మార్గం వేరు. అదే ప్రిఫిక్స్‌ను ఓ.ఎస్.పి.ఎఫ్. కూడా తెచ్చి ఉండవచ్చు, నిర్వాహకుడు చేత్తో రాసి ఉండవచ్చు. అప్పుడు ఎవరి మాట నమ్మాలన్నది అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ అనే అంకె నిర్ణయిస్తుంది. సిస్కోలో నేరుగా తగిలించిన నెట్‌వర్క్‌కు 0, చేత్తో రాసినదానికి 1, బయటి బి.జి.పి.కి 20, ఓ.ఎస్.పి.ఎఫ్.కు 110, లోపలి బి.జి.పి.కి 200. తక్కువ అంకెదే పైచేయి. ఇంటి విషయం ఇంటి ప్రోటోకాల్‌కే బాగా తెలుసుననే నమ్మకంతో లోపలి బి.జి.పి.ని అంత వెనక్కి నెట్టారు. జూనిపర్ రౌటర్లలో ఈ అంకెలు వేరు. అక్కడ బి.జి.పి. మార్గాలన్నిటికీ 170.

ప్రయోగశాలలో మీకు తప్పక ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సరిహద్దు రౌటర్ బయటి నుండి నేర్చుకున్న మార్గాన్ని లోపలి రౌటర్‌కు చెప్పేటప్పుడు, మామూలుగా, నెక్స్ట్ హాప్‌ను మార్చదు. లోపలి రౌటర్‌కు ఆ బయటి చిరునామా ఎక్కడుందో తెలియదు. దాంతో మార్గం బి.జి.పి. పట్టికలో కనిపిస్తూనే ఉంటుంది, రౌటింగ్ పట్టికలోకి మాత్రం ఎక్కదు. సరిహద్దు రౌటర్‌కు "నెక్స్ట్ హాప్‌గా నీ పేరే చెప్పు" అని ఆదేశిస్తే సమస్య తీరుతుంది.

రౌటింగ్ పట్టికలో నమోదైన మార్గాల సారాన్ని ఫార్వర్డింగ్ పట్టికలోకి దించుతారు. ప్యాకెట్ వచ్చినప్పుడు చూసేది దీన్నే. ఇక్కడ నియమం ఒక్కటే: చిరునామాకు సరిపోయే ప్రిఫిక్స్‌లలో అన్నిటికంటే పొడుగైనదే నెగ్గుతుంది. మన పిన్‌కోడ్‌ను గుర్తు చేసుకోండి. 5తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల వైపు పంపాలి. 500తో మొదలైతే హైదరాబాదు సంచిలో వేయాలి. రెండూ సరిపోయినప్పుడు ఉత్తరం హైదరాబాదు సంచిలోకే పోతుంది. 5 అనే పలకను ఎంత నమ్మకస్తుడు రాసినా సరే, 500 ముందు అది నిలవదు.

2008 ఫిబ్రవరిలో జరిగినది సరిగ్గా ఇదే. యూట్యూబ్‌ను నిలిపివేయాలని పాకిస్తాన్ టెలికమ్యూనికేషన్ అథారిటీ తమ దేశంలోని ప్రొవైడర్లను ఆదేశించింది. యూట్యూబ్ అప్పుడు 208.65.152.0/22ను, అంటే 1024 చిరునామాలను, ఒకే ప్రకటనగా చెబుతుండేది. పాకిస్తాన్ టెలికాం అందులోని 256 చిరునామాల ముక్కకు, 208.65.153.0/24కు, తానే గమ్యమని ఒక మార్గం పుట్టించింది. దేశం లోపలికే ఉద్దేశించిన ఆ మార్గం ఫిబ్రవరి 25న, మన కాలమానంలో అర్ధరాత్రి దాటి 12 గంటల 17 నిమిషాలకు, బయటికి పొక్కింది. దాన్ని అందుకున్న పి.సి.సి.డబ్ల్యు. అనే ప్రొవైడర్ వడపోయకుండా ప్రపంచానికి చాటింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. /22, /24 వేర్వేరు ప్రిఫిక్స్‌లు. వాటి మధ్య ఉత్తమ మార్గం పోటీయే జరగలేదు. లోకల్ ప్రిఫరెన్స్ గాని, వరుస పొడవు గాని అడ్డుపడే అవకాశమే లేదు. రెండూ పట్టికలో నమోదయ్యాయి, ప్యాకెట్లు పొడుగైన దాని వెంట పాకిస్తాన్‌కు పోయి అంతమయ్యాయి. ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ ఆగిపోయింది.

1 గంట 37 నిమిషాలకు యూట్యూబ్ కూడా అదే /24ను ప్రకటించింది. ఇప్పుడు ప్రిఫిక్స్ ఒక్కటే కాబట్టి మనం పైన చెప్పుకున్న పోటీ మొదలైంది. యూట్యూబ్‌కు దగ్గరగా ఉన్న నెట్‌వర్క్‌లు ఆ వైపు తిరిగాయి, మిగిలినవి తిరగలేదు. 11 నిమిషాల తరువాత యూట్యూబ్ ఆ ముక్కను మళ్లీ రెండు /25లుగా చీల్చి ప్రకటించింది. పొడుగైన ప్రిఫిక్స్ కాబట్టి, వాటిని అంగీకరించిన ప్రతి రౌటర్‌లోనూ అవే నెగ్గాయి. అయితే /24 కంటే పొడుగైన ప్రకటనలను పుచ్చుకోని నెట్‌వర్క్‌లు చాలా ఉన్నాయి. చివరికి 2 గంటల 31 నిమిషాలకు పి.సి.సి.డబ్ల్యు. పాకిస్తాన్ టెలికాం నుండి పుట్టిన మార్గాలను ఉపసంహరించింది.

ఇందులో ఏ రౌటర్ కూడా నియమం తప్పలేదు. చెప్పేవాడికి ఆ చిరునామాల మీద హక్కు ఉందా అని అడిగే మెట్టు బి.జి.పి. పుట్టినప్పుడు అందులో లేదు, అంతే. ఆ లోటు పూడ్చడానికి ఆర్.పి.కె.ఐ. అనే పద్ధతి వచ్చింది. చిరునామాల యజమాని "ఈ ప్రిఫిక్స్‌ను ఫలానా ఏ.ఎస్. మాత్రమే, ఇంత పొడవు వరకే ప్రకటించవచ్చు" అని సంతకం చేసిన పత్రాన్ని ప్రచురిస్తాడు. రౌటర్ దానితో పోల్చి, పొసగని మార్గాన్ని పోటీకి ముందే తోసిపుచ్చగలదు. అయితే ఇది మార్గం పుట్టిన ఏ.ఎస్.ను మాత్రమే సరిచూస్తుంది. నడుమ వరుసలో అబద్ధం చొప్పిస్తే పట్టుకోలేదు.

అభ్యాసం: ఒక సిస్కో రౌటర్‌కు 10.0.0.0/8 బయటి బి.జి.పి. ద్వారా, 10.20.0.0/16 ఓ.ఎస్.పి.ఎఫ్. ద్వారా, మళ్లీ 10.20.0.0/16 లోపలి బి.జి.పి. ద్వారా అందాయి. మూడింటిలో ఏవి రౌటింగ్ పట్టికలో నమోదవుతాయి? 10.20.5.9కు వెళ్లే ప్యాకెట్ ఏ దారిన పోతుంది? 10.99.1.1కు వెళ్లేది? ఓ.ఎస్.పి.ఎఫ్. మార్గం తెగిపోతే ఏం మారుతుంది? కాగితం మీద రాసి చూడండి.