కోడ్‌లో 12 శాతం నకలు: కంగారు పడాలా?

2025 సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అసలు ధర 30,000 రూపాయలైతే పన్ను 8,400 నుంచి 5,400కు తగ్గిందన్నమాట. ఇప్పుడొక దుకాణం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఊహించుకోండి. పన్ను లెక్క కొటేషన్ ఇచ్చే భాగంలో ఒకసారి, బిల్లు వేసే భాగంలో మరోసారి రాసి ఉంది. రెండోది మొదటిదానికి నకలే. ప్రోగ్రామర్ కొటేషన్‌లో 28ని 18 చేశాడు, బిల్లు సంగతి మరిచాడు. చేతికిచ్చిన కాగితంలో 35,400 ఉంటుంది, కౌంటర్ దగ్గర 38,400 అడుగుతారు. ఇక గొడవ ఖాయం.

నకలు కోడ్‌తో వచ్చే చిక్కు ఇదే. కంప్యూటర్లో చోటు వృథా కావడం పెద్ద విషయం కాదు. కలిసి మారాల్సిన రెండు ముక్కల్లో ఒకటే మారడం అసలు బెడద.

మనిషే జాగ్రత్తగా వెతకొచ్చు కదా అంటారా? లక్ష లైన్ల ప్రోగ్రామును పేజీకి 40 లైన్ల చొప్పున అచ్చు వేస్తే 2,500 పేజీలవుతుంది. 1,800వ పేజీలో ఉన్నదే 300వ పేజీలోనూ ఉందని ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఆ పని మరో ప్రోగ్రాముకు అప్పగిస్తారు. దీన్ని స్టాటిక్ అనాలిసిస్ అంటారు. అంటే కోడ్‌ను నడపకుండా, చదివి మాత్రమే లోపాలు చూపడం. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. సీ భాష కోసం ‘లింట్’ అనే ఇలాంటి పరికరాన్ని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసింది 1978లో.

ఇంతకీ యంత్రం దేన్ని నకలంటుంది? చాలా పరికరాలు టోకెన్లను పోలుస్తాయి. టోకెన్ అంటే కోడ్‌లో ఇక విడదీయడానికి వీల్లేని ముక్క: ఒక పేరో, ఒక అంకో, ఒక గుర్తో. ‘మొత్తం = ధర + ధర * 28 / 100’ అనే లైన్లో 9 టోకెన్లున్నాయి. మధ్యలో ఖాళీలు పెంచినా, లైను విరిచి రాసినా లెక్క మారదు. నకళ్లు వెతికే పీఎండీ వారి ‘సీపీడీ’ని మేవెన్ అనే బిల్డ్ పరికరంతో వాడితే, మనం వేరే చెప్పనంతవరకు, వరసగా 100 టోకెన్లు కలిస్తేనే నకలంటుంది. అంటే పై లైనులాంటివి పదకొండుకు పైగా ఉండాలి. సోనార్‌క్యూబ్ అనే మరో పరికరం జావా కోడ్‌లో వరసగా 10 వాక్యాలు కలవాలంటుంది.

చదువుతూనే మీకు అనుమానం వచ్చి ఉంటుంది: మరి ఆ పన్ను లైను ఒక్కటే రెండు చోట్ల ఉంటే? నకలు వెతికే పరికరం నోరు మెదపదు. హద్దును 9కి దించితే ప్రతి చిన్న లూపూ మరో లూపుకు నకలుగా తేలి, జాబితా చదివే ఓపిక ఎవరికీ మిగలదు. అలాంటి చోట పనికొచ్చేది వేరే నియమం. కోడ్ మధ్యలో పేరు లేకుండా పడి ఉన్న 28 లాంటి అంకెను చెక్‌స్టైల్ అనే పరికరం ‘మ్యాజిక్ నంబర్’ అని ఎత్తి చూపుతుంది. దానికి ‘జీఎస్టీ రేటు’ అని పేరు పెట్టి ఒకేచోట ఉంచితే మార్చాల్సిందీ ఒకేచోట.

పేర్లు మార్చేసి అతికిస్తే? దానికీ దారి ఉంది. పేర్లను, విలువలను పట్టించుకోవద్దని సీపీడీకి చెప్పొచ్చు. అప్పుడు కోడ్ ఆకారాన్ని మాత్రమే చూస్తుంది. మధ్యలో రెండు లైన్లు కలిపితే పట్టుకోవడం కష్టమవుతుంది. ఒకే పనిని పూర్తిగా వేరే పద్ధతిలో రాస్తే దాదాపు అసాధ్యం.

ఇక వచ్చిన శాతాన్ని ఎలా చదవాలి? వెయ్యి లైన్ల ప్రోగ్రాములో 50 లైన్ల ముక్క రెండుసార్లు ఉందనుకోండి. సోనార్‌క్యూబ్ రెండు ప్రతులనూ లెక్కిస్తుంది కాబట్టి నకలు 100 లైన్లు, అంటే 10 శాతం. కానీ రెంటినీ కలిపేస్తే తగ్గేది సుమారు 50 లైన్లే. శీర్షికలోని 12 శాతాన్నీ ఈ కంటితోనే చూడాలి.

అసలు నకలు లేని కోడ్ ఉంటుందా? గిట్‌హబ్‌లోని 45 లక్షల ప్రాజెక్టులను పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో 42.8 కోట్ల ఫైళ్లు ఉంటే, వాటిలో వేర్వేరుగా తేలినవి 8.5 కోట్లే. అయిదు ఫైళ్లకు ఒకటి. లైనక్స్ కూడా అతీతం కాదు. 2004లో సీపీ-మైనర్ అనే పరికరం అందులో 1,90,000 నకలు ముక్కలను 20 నిమిషాల్లోపే పట్టింది. వాటి వల్ల పుట్టిన తప్పులుగా అది చూపినవి 28. దాదాపు 6,800 ముక్కలకు ఒకటి. అతికించాక ఒక పేరును కొన్నిచోట్ల మార్చి మిగతాచోట్ల మరవడమనే ఒక్క రకం తప్పునే అది వెతికింది కాబట్టి అసలు తప్పులు ఇంకా ఎక్కువే ఉండొచ్చు. అయినా నకళ్లలో చాలా భాగం ఎవరికీ హాని చేయకుండా పడి ఉంటాయన్నది నాకు దీనివల్ల స్పష్టమైన విషయం. శాతాన్ని సున్నాకు దించాలని పంతం పట్టే మేనేజర్లకు ఈ లెక్క చూపించాలి.

పైగా కనబడిన ప్రతి జంటనూ కలపడం ప్రమాదమే. పన్ను 18 శాతం, దసరా తగ్గింపు కూడా 18 శాతం అనుకుందాం. శాతం తీసే లెక్క ఒకటే కదా అని ఆ రేటును రెండింటికీ ఉమ్మడిగా పెట్టారు. వచ్చే దసరాకు యజమాని తగ్గింపును 20 చేస్తే పన్నూ 20 అయి కూర్చుంటుంది. పన్నును మార్చేది జీఎస్టీ కౌన్సిల్, తగ్గింపును మార్చేది యజమాని. రెండు ముక్కలనూ మార్చే కారణం ఒకటేనా అని అడగడం ప్రోగ్రామర్ పని. పరికరానికి ఆ సంగతి తెలియదు.

ఈ పరికరాలు నకళ్లనే కాదు, రాత తీరునూ చూస్తాయి. ఆ హెచ్చరికలు మరీ చాదస్తమనిపిస్తాయి. పైథాన్ వారి ‘పెప్ 8’ లైనుకు 79 అక్షరాలు దాటొద్దంటుంది. దాటితే ప్రోగ్రాము ఆగిపోతుందా? ఆగదు. కానీ కొన్నిసార్లు తీరులోని లోపమే తప్పును దాచిపెడుతుంది. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ ఐఫోన్లకు హడావుడిగా సవరణ విడుదల చేసింది. భద్రమైన కనెక్షన్‌ను సరిచూసే కోడ్‌లో ‘గోటూ ఫెయిల్’ (మిగతాది వదిలి చివరికి దూకు) అనే లైను వెంటవెంటనే రెండుసార్లు పడింది. బ్రాకెట్లు పెట్టలేదు. జరిపి రాసిన తీరు చూస్తే రెండూ షరతుకు లోబడినట్టే కనబడతాయి. నిజానికి రెండోది ఎప్పుడూ నడుస్తుంది. దాంతో కింద ఉన్న సంతకం తనిఖీ జరగనే లేదు. 100 టోకెన్ల హద్దుకు ఈ ఒక్క లైను ఎలాగూ దొరకదు. ‘ఈ కింది కోడ్‌కు దారే లేదు’ అనే హెచ్చరికకు దొరికేది. జరిపి రాసిన తీరు మోసం చేస్తోందని చెప్పే హెచ్చరిక జీసీసీ కంపైలర్‌లోకి 2016లో వచ్చింది.

పైథాన్ కోడ్‌ను చూసే పైలింట్ అయితే పదికి మార్కులు వేస్తుంది. 200 వాక్యాల కోడ్‌లో 2 ఎర్రర్లు, 30 తీరు హెచ్చరికలు వచ్చాయనుకోండి. ఒక్కో ఎర్రర్ 5కు సమానం, కాబట్టి 10 ప్లస్ 30, మొత్తం 40. దాన్ని 200తో భాగించి 10తో గుణిస్తే 2. మార్కులు 8. ఎర్రర్లను వదిలేసి 30 హెచ్చరికలను మాత్రం సర్దేసినా 9.5 వస్తుంది! అందుకే మార్కుల కంటే ముందు ఎర్రర్ల జాబితా చూడండి.

పాత ప్రాజెక్టు మీద మొదటిసారి నడిపితే వేలల్లో హెచ్చరికలు రావడం మామూలే. అన్నీ ఒకేసారి దిద్దబోతే నడుస్తున్నది చెడే అవకాశముంది. సోనార్‌క్యూబ్ సొంత ప్రమాణం కొత్తగా రాసిన కోడ్‌నే చూస్తుంది: అందులో నకలు 3 శాతం మించకూడదు. ఈ వారం 500 లైన్లు రాస్తే 15 వరకు ఫర్వాలేదన్నమాట. పాత 12 శాతాన్ని ఆ ఫైలు జోలికి వెళ్లిన రోజు చూసుకోవచ్చు. గూగుల్ తన పరికరాల్లో ఒక తనిఖీకి వచ్చే పనికిరాని హెచ్చరికలు 10 శాతం లోపే ఉండాలని నియమం పెట్టుకుంది. మీ జట్టులోనూ ఏదైనా నియమం ఇచ్చే పది హెచ్చరికల్లో మూడు నాలుగింటిని అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తుంటే, ఆ నియమాన్ని మొహమాటం లేకుండా తీసేయండి.