వాల్తేరులో గ్రేడు... పల్లెలో డిగ్రీ

విశాఖపట్నం: ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2023లో న్యాక్ ‘ఎ డబుల్ ప్లస్’ గ్రేడు వచ్చింది. నాలుగు పాయింట్లకు 3.74. వస్తే మనకేమిటని రచ్చబండ దగ్గర ఎవరైనా అడిగితే తప్పుపట్టలేం. కానీ పొలం పని విడిచి పట్నం పోలేక, ఇంటి దగ్గరే ఉండి డిగ్రీ చదివే మన పిల్లలకు ఆ గ్రేడుతో పెద్ద పనే ఉంది.

ఈ విశ్వవిద్యాలయం 1972లో దూరవిద్యను ప్రారంభించింది. కరస్పాండెన్స్ కోర్సు అంటే పెద్దలకు తెలుస్తుంది. 2020లో యు.జి.సి. కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం దూరవిద్య నడపాలంటే న్యాక్ మదింపులో కనీసం 3.01 పాయింట్లుండాలి. లేదా జాతీయ ర్యాంకుల్లో మొదటి వందలో చోటుండాలి. రెండూ లేకపోతే ముందుగా నష్టపోయేది పల్లె విద్యార్థే.

వెయ్యి మార్కుల పరీక్ష

విద్యాసంస్థల మంచిచెడ్డలు తూచడానికి 1994లో యు.జి.సి. బెంగుళూరులో నెలకొల్పిన సంస్థ న్యాక్. అది ఇచ్చే గుర్తింపు సాధారణంగా ఐదేళ్లే. గడువు తీరితే మళ్లీ పరీక్షే.

2023 నాటి పద్ధతిలో విశ్వవిద్యాలయానికి వెయ్యి మార్కులు. పరిశోధన, విస్తరణ సేవలకు 250, బోధనకు 200, పాఠ్యప్రణాళికకు 150. వసతులు, విద్యార్థుల బాగోగులు, పాలన, విలువలకు తలా వంద.

ఇందుకోసం అంతర్గత నాణ్యతా విభాగం ఏటా నివేదిక పంపాలి. రాసిన ప్రతి లెక్కకూ కాగితం చూపాలి. సిలబస్ ఎంతవరకు చెప్పారో విద్యార్థులనే నేరుగా అడుగుతారు. బయటి ఆచార్యుల బృందం వచ్చి ప్రయోగశాలలు, గ్రంథాలయం, హాస్టళ్లు చూస్తుంది. తల్లిదండ్రులతోనూ మాట్లాడుతుంది. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు మన ఊళ్లలో చేసిన సేవ కూడా లెక్కలోకి వస్తుంది.

సున్నం వేస్తే చాలదు

బృందం వచ్చే ముందు గోడలకు సున్నం వేసినంత మాత్రాన మార్కులు రాలవు. మంజూరైన పోస్టుల్లో ఎందరు పూర్తికాలపు అధ్యాపకులున్నారన్నది కూడా లెక్కే. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆ పోస్టులు నింపాలంటే సర్కారు అనుమతి కావాలి. అంటే గ్రేడు నిలబెట్టే భారం ఒక్క వాల్తేరుదే కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది కూడా.

అక్షరాల గ్రేడ్లు తీసేసి, గుర్తింపు ఉన్నదీ లేనిదీ మాత్రమే చెప్పే పద్ధతి తెస్తామని 2024 జనవరిలో ప్రకటన వెలువడింది. పద్ధతి ఏదైనా, ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగడం మరవద్దు. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందా? ఎప్పటివరకు? మీరు చేరే కోర్సుకు ఈ ఏడాది యు.జి.సి. అనుమతి ఉందా? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద చూపమనండి. విత్తనాలు కొనేటప్పుడు సంచి మీది తేదీ చూడకుండా డబ్బులిస్తామా!