ఇంటిలో రేడాన్ వాయువును పరీక్షించుట

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతముల వారికి చెడుగాలిని గూర్చి వేరుగా చెప్పవలసిన పని లేదు. 1970 దశకము నుండి అచ్చట పరిశ్రమలు పెరుగుటతో, నక్కవాగు చెంతనున్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామములలో గృహిణులు ఘాటును ముక్కుతోనే గుర్తించి కిటికీ మూయుట నేర్చిరి. ఆ విద్యకు లొంగని వాయువు ఒకటి కలదు. దానికి రంగు, రుచి, వాసన లేవు. అది పొగగొట్టము నుండి కాక పాదముల క్రింది నేల నుండి వచ్చును. కిటికీలు మూసినకొలది ఇంటిలో నిలుచును. దాని పేరు రేడాన్.

మన గ్రానైటు శిలలలో యురేనియము లేశమాత్రముగా ఉండును. అది యుగముల తరబడి క్షీణించుచు రేడియముగాను, రేడియము రేడాన్‌గాను మారును. ఈ వంశములో వాయురూపము దీనిది మాత్రమే. కనుక మట్టి సందుల గుండా పైకి వచ్చి, గచ్చు పగుళ్ల నుండి గదిలో ప్రవేశించును. సుమారు 3.8 దినములలో దానిలో సగము నశించును. నశించి ఊరకుండిన భయము లేకపోవును. కాని దాని సంతతియైన పొలోనియము మొదలగు ఘనకణములు ధూళినంటుకొని ఊపిరితిత్తులలో చేరి, అచ్చట ఆల్ఫా కిరణములను వెదజల్లును. ఊపిరితిత్తుల కాన్సరునకు పొగత్రాగుట తరువాత ముఖ్యకారణములలో ఇది ఒకటి. పొగత్రాగువారికి ఈ ముప్పు మరి అనేక రెట్లు.

ముక్కు ఎంతటి మోసగత్తెయో తెలియుటకు ఒక ఉదంతము చాలును. 1984 లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అను ఇంజనీరు తాను పనిచేయు అణువిద్యుత్ కేంద్రములో ప్రవేశించునప్పుడే హెచ్చరిక గంటలు మ్రోగినవి. ఆ కేంద్రములో అప్పటికి విద్యుదుత్పత్తియైనను ఆరంభము కాలేదు! విచారింపగా దోషము ఆయన ఇంటిలో ఉన్నట్లు తేలినది. అచ్చట ఘనమీటరు గాలిలో సుమారు లక్ష బెకరెల్‌ల రేడాన్ ఉండెను. బెకరెల్ అనగా క్షణమునకు ఒక పరమాణువు విచ్ఛిన్నమగుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 లో సూచించిన పరిమితి 100 మాత్రమే. అది సాధ్యము కానిచోట 300 మించరాదు.

మన దేశమునను ఇట్టి కొలతలు క్రొత్త కాదు. నల్లగొండ జిల్లాలో యురేనియము నిక్షేపములున్న లంబాపూర్, పెద్దగట్టు పరిసరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞులు వీనిని చేసియున్నారు.

పరీక్షా సాధనము చూచుటకు అతి సామాన్యము. చిన్న డబ్బీలో సెల్యులోజ్ నైట్రేటు ఫిల్ము ముక్క ఒకటి అమర్చుదురు. ఆల్ఫా కణము తగిలినచోట ఫిల్ముపై కంటికి కానరాని గాయమగును. తరువాత ప్రయోగశాలలో దానిని సుమారు 60 డిగ్రీల వేడిగల కాస్టిక్ సోడా ద్రావణములో గంటన్నర నానబెట్టగా ఆ గాయములు రంధ్రములగును. సూక్ష్మదర్శినితో వానిని లెక్కింతురు.

డబ్బీని ఎచ్చట వ్రేలాడదీయవలెనన్నదే గృహస్థుడు ఎరుగవలసిన సంగతి. క్రింది అంతస్తులో, నేలకు దగ్గరగా, ఎక్కువకాలము పరుండు గది శ్రేష్ఠము. వంటఇల్లు, స్నానపుగది తగవు. కిటికీ ప్రక్కన గాని, ఫ్యాను గాలి సూటిగా తగులుచోట గాని ఉంచరాదు. మనిషి ఊపిరి పీల్చు ఎత్తున, గోడకు కొంత ఎడముగా కట్టి మూడు నెలలు కదపరాదు. కట్టిన తేదీ, విప్పిన తేదీ తప్పక వ్రాయవలెను. ఎన్ని దినములలో ఎన్ని రంధ్రములన్నదే లెక్క. పరీక్ష జరుగుచున్నదని ఇంటివారు తమ అలవాటు మార్చుకొనరాదు. బొగ్గు డబ్బీలు, ఎలక్ట్రానిక్ యంత్రములు కొలది దినములలోనే అంకె చెప్పును గాని, రేడాన్ పగటికి రేయికి, ఎండకు వానకు మారుచుండును. నాకు మూడు నెలల ఫిల్మే నమ్మదగినదిగా తోచును. వేసవిలో తలుపులు బార్లా తెరచు ఇంటిలో చలికాలమున మరల కొలుచుట మేలు.

పొరుగింటి అంకెను మన ఇంటికి వర్తింపజేయరాదు. ఒకరి గచ్చు పగిలియుండును, మరియొకరిది ఉండదు. ఒకరు పెంకుటింటిలో గాలికి పరుందురు, మరియొకరు ఏసీ గదిలో సందులన్నియు మూసికొందురు. రాతినేలలో త్రవ్విన లోతు బోరు నీటిలోనుండియు కొంత రేడాన్ వెలువడును. అయినను ప్రధానమార్గము నేలయే.

అంకె హెచ్చుగా వచ్చినచో ఇల్లు విడువనక్కరలేదు. గచ్చు పగుళ్లను, గొట్టములు దూరిన సందులను సిమెంటుతో పూడ్చి, గదికి ఎదురెదురు కిటికీలు తెరచియుంచవలెను. ఘాటు గాలి వీచు రాత్రులలో ఇది కష్టమే. ఆ వాసన తగ్గిన వేళలలో తెరువవచ్చును. మరియు హెచ్చైనచో గచ్చు క్రింది గాలిని గొట్టము, ఫ్యాను అమర్చి ఇంటికప్పు పైకి పంపు పద్ధతి కలదు. ఏ మరమ్మతు చేసినను, క్రొత్త డబ్బీని మొదట కట్టిన మేకునకే మరల మూడు నెలలు వ్రేలాడదీసి రెండు అంకెలను పోల్చి చూచుకొనవలెను.