రెడీమేడ్ డ్రమ్స్ వద్దనుకున్న ఇద్దరు: క్లిప్పింగ్ గ్రూప్ వెనక కథ

డేవీడ్ డిగ్స్ పేరు మీలో కొంతమంది వినే ఉంటారు. బ్రాడ్‌వేలో 'హామిల్టన్' మ్యూజికల్‌లో రెండు పాత్రలు వేసి 2016లో టోనీ అవార్డు కొట్టాడు. తను ర్యాప్ చేసే గ్రూప్ పేరు క్లిప్పింగ్. ఈ ఎపిసోడ్ మాత్రం తన గురించి కాదు. ఆ గ్రూప్‌లో సౌండ్ మొత్తం తయారుచేసే ఇద్దరి గురించి: విలియం హట్సన్, జొనాథన్ స్నైప్స్.

ముందు పేరు సంగతి చూద్దాం. ఫోన్ వాల్యూమ్ ఫుల్ పెడితే ఒక్కోసారి స్పీకర్ గరగరమంటుంది కదా? సిగ్నల్ లిమిట్ దాటినప్పుడు వేవ్ పైభాగం కత్తిరించినట్టు తెగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. సౌండ్ ఇంజినీర్లు రాకుండా చూసుకునే దాన్ని వీళ్లు ఏకంగా పేరుగా పెట్టుకున్నారు!

2009లో లాస్ ఏంజిలస్‌లో ఇది సరదాగా మొదలైంది. ఫేమస్ ర్యాప్ పాటల్లోంచి గొంతు మాత్రం తీసుకుని, దాని కింద చెవులు చిల్లులు పడే నాయిస్ పెట్టేవారు. తర్వాత హట్సన్‌కి చిన్నప్పటి ఫ్రెండ్ అయిన డిగ్స్ వచ్చి చేరాడు. 2013లో 'మిడ్‌సిటీ' ఆల్బమ్‌ని సొంతంగా రిలీజ్ చేశారు. అదే ఏడాది సబ్ పాప్ లేబుల్ సైన్ చేసుకుంది. నిర్వాణా మొదటి ఆల్బమ్ తెచ్చింది కూడా ఆ కంపెనీయే.

వీళ్ల పద్ధతి నాకు కోడింగ్ భాషలోనే బాగా అర్థమైంది. నేను జాబ్ చేసే రోజుల్లో సగం పని లైబ్రరీ ఇంపోర్ట్ చేయడమే. మ్యూజిక్‌లో కూడా అంతే, రెడీమేడ్ కిక్, స్నేర్ దొరుకుతాయి, లాగి పడేస్తే బీట్ రెడీ. వీళ్లు వీలైనంతవరకు ఆ ఇంపోర్ట్ చెయ్యరు. 2014 ఆల్బమ్‌లో 'గెట్ అప్' పాట బీట్ ఏంటో తెలుసా? అలారం గడియారం బీప్ బీప్. 2019లో వచ్చిన 'రన్ ఫర్ యువర్ లైఫ్'లో అయితే బీట్ రోడ్డు మీద పోయే కార్ల స్టీరియోల్లోంచి వస్తుంది. కారు దగ్గరికొస్తే బీట్ పెరుగుతుంది, దాటిపోతే మాయం. వీధిలో ఒంటరిగా ఉన్న మనిషి భయం మాటల కంటే ముందు చెవికి తెలుస్తుంది.

ఇంకో రూల్ కూడా ఉంది. క్లిప్పింగ్ పాటల్లో డిగ్స్ 'నేను' అనడు. ర్యాప్ అంటేనే 'నేను ఇలా, నేను అలా' కదా, అది తీసేస్తే ఏం మిగులుతుంది? దీనికి జవాబు 2016లో వచ్చిన 'స్ప్లెండర్ అండ్ మిజరీ'. టైమింగ్ గమనించండి: హామిల్టన్‌తో డిగ్స్ స్టార్ అయిపోయిన సంవత్సరం అది. రేడియోలో ఆడే పాట ఒకటి చేస్తే చాలు, డబ్బే డబ్బు. వీళ్లు ఏం చేశారంటే, అంతరిక్ష నౌకలో తిరుగుబాటు తర్వాత ఒక్కడే మిగిలిన బానిస కథ చేశారు. అతన్ని నౌక కంప్యూటర్ గమనిస్తూ ఉంటుంది, మెల్లగా ప్రేమిస్తుంది. సైన్స్ ఫిక్షన్ కథలకిచ్చే హ్యూగో అవార్డుకి ఈ ర్యాప్ ఆల్బమ్ నామినేట్ అయింది. గెలవలేదనుకోండి.

తర్వాత 2017లో 'ద డీప్'. దీని మూలం డెట్రాయిట్ టెక్నో ద్వయం డ్రెక్సియా అల్లిన పురాణంలో ఉంది: బానిసల ఓడల్లోంచి సముద్రంలోకి విసిరేసిన గర్భిణుల బిడ్డలు నీటి అడుగున బతికి ఒక జాతిగా ఎదిగారని. క్లిప్పింగ్ దాన్ని పాట చేసింది. 2019లో రివర్స్ సాలమన్ ఆ పాట ఆధారంగా అదే పేరుతో చిన్న నవల రాశారు. ఒక ద్వయం ఊహ ఇంకో గ్రూప్ పాటై, ఆ పాట పుస్తకమైంది. నాకు వీళ్ల కెరీర్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

అన్నీ నచ్చాయా అంటే, లేదు. 2019 ఆల్బమ్ చివర్లో దాదాపు 18 నిమిషాలు ఒక పియానో తగలబడుతున్న శబ్దమే ఉంటుంది. అది 1968లో అనియా లాక్‌వుడ్ తయారుచేసిన ఐడియా. నేను మొత్తం ఒక్కసారే విన్నా, రెండోసారి ఓపిక లేదు.

2025లో 'డెడ్ ఛానల్ స్కై' కూడా వచ్చింది. కొత్తవాళ్లు 'గెట్ అప్'తో మొదలుపెట్టండి, తర్వాత 'రన్ ఫర్ యువర్ లైఫ్'. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, వాల్యూమ్ సగమే ఉంచండి. బూతులు, హింస బాగానే ఉంటాయి, ఇంట్లో పిల్లలు పక్కన లేనప్పుడు వినండి.