సైనసే కదా... అనుకున్నాం!

కింద పడిన పెన్ను తీద్దామని వంగితే నుదురంతా బరువు. చెంప ఎముకల మీద ఎవరో బొటనవేళ్లతో అదిమి పట్టినట్టు ఉంటుంది. ముక్కు ఒక పక్క తెరుచుకుంటే రెండో పక్క మూసుకుంటుంది. పొద్దున్నే లేస్తే గొంతులో కఫం. ‘ఏమైంది అలా ఉన్నావ్?’ అని ఎవరైనా అడిగితే జవాబు నాలుక చివరే ఉంటుంది... ‘సైనస్!’

ఇంతవరకూ అందరిళ్లలో ఒకటే. డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న దగ్గరే ఇంటికో పద్ధతి. మా కుటుంబంలో అయితే రెండు పద్ధతులుండేవి. రెండు తుమ్ములు వస్తే చాలు, మందుల కోసం పరుగెత్తడం నాది. ప్రాణం మీదికి వచ్చేదాకా ఆసుపత్రి గుమ్మం తొక్కకపోవడం తెనాలిలో ఉండే మా పిన్నిది. నా పద్ధతి వల్ల నాకు డబ్బులు పోయాయి. పిన్నికి ఏం పోయిందో తరవాత చెబుతాను.

చెంప వెనక గది

అసలు సైనస్ అనేది జబ్బు పేరే కాదు. ‘నాకు సైనస్ ఉంది’ అంటే ‘నాకు మోకాలు ఉంది’ అన్నట్టే. ముఖం ఎముకల్లో గాలితో నిండిన గదులవి. నాలుగు జతలు... నుదుటి వెనక, రెండు కళ్ల నడుమ, చెంపల వెనక, ముక్కుకి బాగా లోపల పుర్రె అడుగున. వాటి గోడలకి తడి పొర ఉంటుంది. ఆ పొర మీద కంటికి కనిపించని నూగు. గోడలు జిగురు ఊరుస్తూ ఉంటే, ఆ నూగు దాన్ని చిన్న తూము గుండా ముక్కులోకి తోసేస్తూ ఉంటుంది.

తమాషా ఏమిటంటే చెంప గదికి తూము అడుగున లేదు, పైన ఉంది. స్నానాల గదికి నేల మీద పెట్టాల్సిన తూమును ఏ మేస్త్రీ అయినా గోడ పైన పెడితే మనం ఊరుకుంటామా? కానీ మన ముఖంలో పని అలాగే జరిగింది. నీరు దానంతటది జారిపోదు, నూగు దాన్ని పైకి ఎక్కించాలి. జలుబు చేసి తూము చుట్టూ పొర వాచిందంటే దారి మూసుకుపోతుంది. లోపల జిగురు నిలిచిపోతుంది. మనకి తెలిసే బరువు అదే.

అంటే మామూలు జలుబులోనూ సైనస్‌లు నిండుతాయన్నమాట. ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో 1994లో ఓ అధ్యయనం వచ్చింది. ఉత్త జలుబుతో ఉన్న 31 మందికి సీటీ స్కాన్ తీస్తే అందులో 27 మందికి చెంప గదుల్లో తేడా కనిపించింది. రెండు వారాల తరవాత కొందరికి మళ్లీ తీసి చూశారు. యాంటీబయాటిక్ ఒక్కటీ వాడకుండానే వాళ్లలో ఎక్కువమందికి గదులు శుభ్రపడ్డాయి. పెద్దవాళ్లకి వచ్చే జలుబుల్లో బ్యాక్టీరియా చేరి నిజంగా ముదిరేవి వందకి రెండు మించవని వైద్యుల లెక్క.

ఈ సంగతి తెలియక నేను ఏళ్ల తరబడి ప్రతి జలుబుకీ మూడు రోజుల యాంటీబయాటిక్ మింగాను. నాలుగో రోజుకి కాస్త తెరిపిన పడేది. ‘చూశావా, మందు పనిచేసింది’ అనుకునేవాణ్ణి. మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గేదే జలుబు అన్న పాత జోకు నా మీదే వేశారని ఆలస్యంగా అర్థమైంది. చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ తప్పదనీ అనుకునేవాణ్ణి. అదీ నిజం కాదట. జలుబుతో పోరాడుతున్న తెల్లకణాల వల్ల కూడా ఆ రంగు వస్తుంది. రంగు ఒక్కటే చూసి ఏదీ చెప్పలేం.

ముక్కులో చుక్కల మందు మరో కథ. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అనే పేర్లుంటాయి సీసా మీద. రెండు చుక్కలు వేస్తే రెండు నిమిషాల్లో ముక్కు రహదారిలా తెరుచుకుంటుంది. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు... అంతవరకే దాని మర్యాద. ఆపైన వాడితే మందు దిగిపోగానే ముక్కు ముందుకంటే గట్టిగా బిగుసుకుంటుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ బిగింపు. నా దిండు కింద ఆ సీసా ఏడు నెలలు ఉంది. సైనస్ ముదిరిందనుకున్నాను గానీ ముదిరింది చుక్కల మందు అలవాటు!

పదో రోజు లెక్క

చివరికి ఓ ఈఎన్‌టీ డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన నొప్పి ఎంతుందని అడగలేదు. ‘ఇవాళ్టికి ఎన్నో రోజు?’ అన్నారు. నాకు చెప్పడం రాలేదు. ‘నొప్పి తీవ్రత కన్నా తేదీలే నాకు ఎక్కువ చెబుతాయండీ’ అంటూ క్యాలెండరు వైపు చూపించారు.

ఆయన చెప్పిన లెక్క ఇది. మామూలు జలుబు మూడు నాలుగు రోజులు పెరిగి, ఆ తరవాత నెమ్మదిగా దిగుతుంది. వారం దాటి కొంత మిగిలినా దిగుముఖంలో ఉంటే కంగారు లేదు. పది రోజులైనా ఏమాత్రం తగ్గకుండా అలాగే ఉంటే చూపించుకోవాలి. ఐదారు రోజులకి తేలికపడి, ‘అమ్మయ్య’ అనుకున్నాక మళ్లీ జ్వరం, బరువు, చీమిడి తిరగబెడితే పదో రోజు దాకా ఆగక్కర్లేదు. మొదటి నుంచే 102 డిగ్రీలు దాటిన జ్వరం, ముఖం నొప్పి, చీములాంటి చీమిడి కలిసి మూడు నాలుగు రోజులు వదలకపోయినా అంతే. ఇక పన్నెండు వారాలైనా ముక్కుదిబ్బడ, బరువు, వాసన తెలియకపోవడం పోలేదంటే అది దీర్ఘకాలిక సైనసైటిస్ కావచ్చు. దాని దారి వేరు. ముక్కులోకి సన్నని గొట్టం పంపి చూడటం, అవసరమైతే సీటీ స్కాన్, లోపల కండ పెరిగిందా, అలర్జీ ఉందా అన్న ఆరా... ఇవన్నీ అప్పుడే. వాటికిచ్చే స్టెరాయిడ్ స్ప్రే నేను చెప్పిన చుక్కల మందు లాంటిది కాదు. డాక్టరు చెప్పినన్ని వారాలు రోజూ కొడితేనే గుణం. రెండు రోజులు కొట్టి ‘పనిచెయ్యలేదు’ అని మూలన పడేసేవాళ్లే ఎక్కువ.

ఈలోగా ఇంట్లో ఏం చెయ్యాలి? ఆవిరి అంటే మనకి ప్రాణం. పసుపు వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పడితే హాయిగా ఉండే మాట నిజమే. కానీ బ్రిటన్‌లో సైనస్ బాధ పదేపదే వచ్చేవాళ్ల మీద జరిపి 2016లో ప్రచురించిన ఓ పరిశోధనలో ఆవిరి పట్టడం వల్ల ముక్కు బాధలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉప్పునీటితో ముక్కు కడుక్కున్నవాళ్లకి కొంత మేలు కనిపించింది. మన జలనేతి అదే కదా! అయితే ఒక్క మాట. కొళాయి నీళ్లు నేరుగా వాడకూడదు, మరగబెట్టి చల్లార్చినవే వాడాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కొళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుకి అమీబా సోకి చనిపోయారు. ఇక చిన్నపిల్లల్ని మరిగే నీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టొద్దు. గిన్నె ఒలికి ఒళ్లు కాలిన పిల్లలు ఎందరో.

నా ‘సైనస్’ ఏమైంది?

నా సంగతి వినండి. చుక్కల మందు మాన్పించాక ముక్కు బాగుపడింది. నెలకోసారి నుదుటి మీదా, కంటి వెనకా వచ్చే బరువు మాత్రం పోలేదు. ‘అప్పుడు వెలుతురు చూడాలనిపిస్తుందా? కడుపులో తిప్పుతుందా?’ అని అడిగారు డాక్టరు. అవునన్నాను. గది చీకటి చేసుకుని పడుకుంటానని చెప్పాను. ‘అయితే మీది సైనస్ కాకపోవచ్చు. మైగ్రెయిన్’ అన్నారు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి, సైనస్ ఉండే చోటే నొప్పి... మైగ్రెయిన్ ఎలా అవుతుంది? కానీ ముఖానికీ సైనస్‌లకీ స్పర్శనిచ్చే నాడి ఒకటే. మైగ్రెయిన్‌లో ఆ నాడి రేగితే ముక్కూ కళ్లూ కూడా స్పందిస్తాయి. 2004లో అమెరికాలో ‘సైనస్ తలనొప్పి’ అని తామే అనుకున్నవాళ్లనీ, డాక్టర్లే అలా చెప్పినవాళ్లనీ 2,991 మందిని పరిశీలించారు. సైనస్ ఇన్ఫెక్షన్ ఆనవాళ్లున్నవాళ్లని ముందే పక్కన పెట్టారు. మిగిలినవాళ్లలో 88 శాతం మందివి మైగ్రెయిన్ లక్షణాలు! నేను మింగిన యాంటీబయాటిక్‌లన్నీ ఆ లెక్కన ఎవరి జబ్బుకి వేసినట్టు?

అన్నట్టు పంటి సంగతీ చెప్పాలి. పైదవడ వెనక పళ్ల వేళ్లు చెంప గది నేలకి దాదాపు తగులుతూ ఉంటాయి. ఒక పక్కే బరువు, ఒక పక్కే చీమిడి, అందులో దుర్వాసన ఉంటే ఓసారి పంటి డాక్టరుకీ చూపించుకోవడం మంచిది. పన్ను కుదిరితే ముక్కూ కుదురుతుంది.

పిన్ని కథ

2021 మే నెల. పిన్నికి కరోనా వచ్చి ఇంట్లోనే తగ్గింది. ఎవరో పంపిన మందుల చీటీ చూసి స్టెరాయిడ్ బిళ్లలు కూడా వాడారు. ఆమెకి పన్నెండేళ్లుగా షుగరు. తగ్గిందని సంతోషించిన రెండు వారాలకి ఫోన్ చేసింది.

‘ఎడమ చెంప బరువుగా ఉందిరా. ముక్కు అటుపక్క పట్టేసింది. నా పాత సైనసే, మళ్లీ వచ్చింది’ అంది.

‘ఆవిరి పట్టు పిన్నీ, రెండు రోజుల్లో పోతుంది’ అన్నాను. అన్నది నేనే.

మర్నాడు ఫోన్‌లో ఓ మాట చెప్పింది. ‘అమృతాంజనం పాతదైపోయినట్టుందిరా, రాసుకుంటే మంటే తెలియడం లేదు’ అని. ఇద్దరం నవ్వుకున్నాం. పాతబడింది అమృతాంజనం కాదు, ఆమె చెంపకి స్పర్శ పోయింది. అది మాకు తట్టలేదు.

మూడో రోజు కోడలు కాఫీ ఇస్తూ చూసింది. ‘అత్తయ్యా, మీ ఎడమ కన్ను చిన్నదైందేంటి?’ రెప్ప వాలిపోయింది, చుట్టూ వాపు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఆ అమ్మాయి ఎవరినీ అడగలేదు, ఆ పూటే కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లింది. మ్యూకార్‌మైకోసిస్ అన్నారు. పత్రికలు బ్లాక్ ఫంగస్ అని రాసిన జబ్బు అదే. షుగరు అదుపు తప్పినప్పుడు, స్టెరాయిడ్‌లు వాడినప్పుడు సైనస్‌లలో పాతుకుని, అక్కడి నుంచి కంటికీ మెదడుకీ పాకే బూజు. ఆ నెలలోనే తెలంగాణలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దీనికి ప్రత్యేక కేంద్రంగా పెట్టారు. ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్లన్నీ తిరిగిన రోజులవి. పిన్నికి సైనస్‌లలో పాడైన భాగమంతా తీసేశారు. పైదవడలో నాలుగు పళ్లు పోయాయి. కన్ను దక్కింది. ఇంకో రెండు రోజులు ఆవిరి పడుతూ కూర్చుంటే దక్కేది కాదన్నారు డాక్టర్లు.

కరోనా ఉద్ధృతి పోయినా ఈ బూజు పూర్తిగా పోలేదు. షుగరు ఎక్కువగా ఉన్నవాళ్లకీ, అవయవ మార్పిడి అయినవాళ్లకీ, క్యాన్సర్ మందులు వాడేవాళ్లకీ ఇప్పటికీ వస్తోంది. కాబట్టి వాళ్లకి పది రోజుల లెక్క వర్తించదు. ఒక పక్క ముఖం నొప్పి, చెంప మొద్దుబారడం, ఉన్నట్టుండి పళ్లు కదలడం, ముక్కులోంచి నల్లటి చీమిడి... వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. షుగరు లేనివాళ్లయినా సరే కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం, నుదుటి మీద ఉబ్బు, భరించలేని తలనొప్పి, మెడ వంచలేకపోవడం, మాట తడబడి మగతగా ఉండటం... ఇవి కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికే. మిగతా బాధలకి ముందు మీ ఇంటి డాక్టరు చాలు. ఆయన చెబితే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు ఏ తేదీన మొదలైంది, ఎప్పుడు తగ్గి ఎప్పుడు తిరగబెట్టింది, ఈలోగా ఏయే మందులు మింగారు అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మందుల షాపులో అడిగి కొన్నవి కూడా!

ఇది రాస్తున్న సమయానికి నాకు జలుబు. నుదురు బరువుగానే ఉంది. ఇందాకే పిన్ని ఫోన్ చేసింది.

‘ఎన్నో రోజురా?’

‘ఆరు, పిన్నీ.’

‘నిన్నటి మీద ఎలా ఉంది?’

‘కొంచెం నయమే.’

‘జ్వరం లేదుగా? చెంప గిల్లి చూసుకో, తెలుస్తోందా?’

గిల్లుకున్నాను. తెలుస్తోందన్నాను.

‘అయితే శొంఠి కాఫీ తాగి పడుకో. రేపు మళ్లీ చేస్తా’ అని పెట్టేసింది.