నీటివాలు మీద నిలిచిన ఏలూరు

విజయవాడ వైపు నుంచి వచ్చే పాసింజరు రైలు నూజివీడు స్టేషన్ దాటాక పొలాలు, చెరువులు చూపిస్తూ వట్లూరులో ఆగుతుంది. ఆ తర్వాత పవర్‌పేట, ఆపైన ఏలూరు. ఒకే పట్టణానికి వరుసగా మూడు స్టేషన్లు ఉండటం మన జిల్లాల్లో అరుదైన సంగతి. ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవాళ్ళకు వట్లూరు కిటికీలోంచి మెరిసి మాయమయ్యే పసుపు బోర్డు మాత్రమే. దిగి నడిస్తే మాత్రం ఏలూరు ఎటు పెరుగుతోందో ఇక్కడే తెలుస్తుంది. 1989లో మొదలైన సర్ సి.ఆర్.రెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ ఇక్కడే ఉంది. దాని వెంట హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, మెస్సులు, అపార్టుమెంట్లు వచ్చాయి. రెవెన్యూ లెక్కల్లో వట్లూరు పెదపాడు మండలం. బతుకు లెక్కల్లో ఏలూరు. ఈ రెండు లెక్కలూ కలవకపోవడంలోనే నగర ప్రణాళిక కష్టాలు చాలావరకు దాగి ఉన్నాయి.

ఏలూరు పటాన్ని ముందు రోడ్లు చూసి చదివితే అర్థం కాదు. నీళ్లు చూసి చదవాలి. ఖమ్మం జిల్లా ఎగువల నుంచి, చింతలపూడి ప్రాంతం మీదుగా తమ్మిలేరు దిగివస్తుంది. నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరు కట్టి దాన్ని కొంత నిలిపారు. ఏలూరు దగ్గరకొచ్చేసరికి అది రెండు పాయలుగా చీలి, ఊరిని చుట్టుకుని, దక్షిణాన కొల్లేటిలో కలుస్తుంది. తూర్పు నుంచి గోదావరి కాలువ, పడమటి నుంచి కృష్ణా కాలువ వచ్చి ఏలూరు దగ్గరే చేతులు కలుపుతాయి. రెండు మహానదుల నీళ్లు సముద్రం కంటే ముందే కలుసుకునే చోటు ఇది. వన్‌టౌన్ నుంచి టూటౌన్‌కు వెళ్ళాలన్నా, బస్టాండు నుంచి బజారుకు వెళ్ళాలన్నా ఎక్కడో ఒకచోట వంతెన ఎక్కక తప్పదు. అందుకే ఏలూరులో ట్రాఫిక్ అంటే మొదట వంతెనల సంగతే. వీధి ఎంత వెడల్పున్నా, చివరి వంతెన ఎంత వెడల్పో దాని సత్తువ అంతే.

ఈ కాలువలు సాగు కోసం తవ్వినవే అయినా, తవ్విన నాటి నుంచీ దారులు కూడా. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో గోదావరి ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. బెజవాడలో కృష్ణా ఆనకట్ట 1855 నాటికి లేచింది. రెండింటి కాలువలనూ ఏలూరులో కలిపాక కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ ప్రయాణం సాధ్యమైంది. మట్టాలు తేడాగా ఉన్న రెండు నీటిబాటల మధ్య పడవను దాటించే లాకులను పాత తరం వాళ్ళు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెబుతారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు. ముందు తలుపులోని చిన్న తూము తీస్తే నీరు నెమ్మదిగా ఎక్కుతుంది, లేదా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక, అంతదాకా ఎంత బలంగా తోసినా కదలని ఆ తలుపు ఇద్దరు మనుషుల చేతి బలానికే తెరుచుకుంటుంది. ఇంజను లేదు, కరెంటు లేదు, ఉన్నదల్లా నీటివాలు లెక్క ఒక్కటే. 2008లో కేంద్రం నాలుగో జాతీయ జలమార్గాన్ని ప్రకటించినప్పుడు అందులో ఈ రెండూ కలిసిన 139 కిలోమీటర్ల ఏలూరు కాలువ కూడా చేరింది. కాగితం మీది ఆ పడవలు ఇంకా కాలువలోకి దిగలేదు. గట్ల మీద ఆక్రమణలు, తక్కువ ఎత్తు వంతెనలు, గుర్రపుడెక్క తొలగితే తప్ప దిగవు కూడా.

1890ల్లో బెజవాడ నుంచి కటకం వైపు రైలుమార్గం పడ్డాక పడవల వైభవం తగ్గి స్టేషన్ వైపు పేటలు పెరిగాయి. ఏలూరులో పాత ఊరు, కొత్త ఊరు పక్కపక్కనే కనిపించడానికి కారణం ఇదే. కోటదిబ్బ చుట్టూ, తూర్పు వీధి, పడమర వీధి, దక్షిణపు వీధి అంటూ దిక్కుల పేర్లతో ఉన్న సందులు ఒక కాలానివి. రామచంద్రరావుపేట, పవర్‌పేట వంటి చోట్ల నిలువుగా, అడ్డంగా గీసినట్టున్న వీధులు మరో కాలానివి. ఏడేళ్లకోసారి గంగానమ్మ జాతర వచ్చినప్పుడు ఈ పాత వీధులు రోడ్లుగా కాక వాకిళ్ళుగా మారతాయి. అమ్మవారికి మేడ కట్టేదీ వీధిలోనే, చుట్టాలు కలిసేదీ వీధిలోనే. రోడ్డు వెడల్పు పేరుతో గీత గీసే ముందు ఇంజినీరు ఆ జాతరను ఒకసారి చూసి రావాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. స్కాట్లండ్‌కు చెందిన ప్యాట్రిక్ గెడిస్ 1914-15లో మద్రాసు రాజధానిలోని పట్టణాలు కాలినడకన తిరిగి చెప్పింది కూడా ఇదే. పాత పేటలను అడ్డంగా చీల్చే పెద్ద రోడ్ల కంటే, ఇరుకైన చోట ఒక గోడ, ఒక పాడు కొట్టం తీసేసి గాలి, దారి కల్పించడమే మంచిదని ఆయన వాదించాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. నూరేళ్ళు దాటినా గెడిస్ మాటకు వన్‌టౌన్‌లో విలువ తగ్గలేదు.

ఆ పాత వీధుల్లో నడుస్తున్నప్పుడు ఒక సంగతి గమనించండి. రోడ్డు పాడైనప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా పైనే మరో పొర సిమెంటు పోస్తూ వచ్చారు. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కితే అందే అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానంగా ఉంది. కొన్ని ఇళ్ళ గడపలైతే రోడ్డు కంటే దిగువకు వెళ్ళాయి. వాన కురిస్తే సైడు కాలువలోకి పోవలసిన నీరు గడప దాటి ఇంట్లోకి వస్తోంది. కాలువ మీద దుకాణాల వాళ్ళు పరిచిన నాపరాళ్ళు, సిమెంటు పలకలు ఎత్తితే తప్ప పూడిక తీయలేరు. పార పట్టే చేతికి చోటు లేనప్పుడు ఏ యంత్రం తెచ్చినా లాభం లేదు. రోడ్డు వేసే ముందు పాత పొర తీయాలన్న ఒక్క నియమం గట్టిగా పాటిస్తే కోట్ల రూపాయల వరదగోడ చేయలేని మేలు ఆ వీధికి జరుగుతుంది.

ఇక పాలన సంగతి. ఏలూరుకు 1866లో పురపాలక సంఘం వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. 2005లో నగరపాలక సంస్థ, 2022 ఏప్రిల్ 4న సొంత పేరుతో జిల్లా. శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్ళమూడి, కొమడవోలు వంటి చుట్టుపక్కల ఊళ్ళు నగరంలో కలిశాయి. 50 డివిజన్ల కౌన్సిల్‌కు 2021 మార్చి 10న పోలింగ్ జరిగితే, ఓటర్ల జాబితా వివాదం కోర్టుకెక్కి ఓట్ల లెక్కింపు జులై 25 దాకా ఆగింది. ఊరి ఓటరు ఎవరన్న ప్రశ్న ఎంత బరువైనదో ఆ నాలుగు నెలలు చూపించాయి. షేక్ నూర్జహాన్ రెండోసారి మేయరయ్యారు. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలుంటే, మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. అంటే వీధి గీత మీద తొలి మాట ఆ కౌన్సిల్‌ది కావాలి.

ఆ గీతలన్నిటికంటే ముందు గీయవలసింది నీటి గీత. భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. రెండు లక్షల మందికే లెక్క కట్టినా రోజుకు 2 కోట్ల 70 లక్షల లీటర్లు. ఇందులో నూటికి ఎనభై వంతులు మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్ల అంచనా. అంటే 2 కోట్ల 16 లక్షల లీటర్లు, రోజూ. తాగే నీరు కాలువ నుంచి వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు గనుక ముందే చెరువులు నింపుకోవాలి. వాడిన నీరు వాలు చూసుకుని కొల్లేటి వైపు సాగుతుంది. డెల్టా నేల దాదాపు బల్లపరుపు. రెండు వేల మీటర్లకు ఒక మీటరు వాలు దొరికితే అదృష్టమే. అలాంటి నేలలో ఒక కల్వర్టు ఉండాల్సిన దానికంటే జానెడు ఎత్తుగా కడితే చాలు, వెనకున్న వీధులన్నీ నిలవనీటి పాలవుతాయి.

2020 డిసెంబరును ఈ ఊరు మరచిపోలేదు. మూర్ఛతో, కళ్ళు తిరిగి 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మొదటి కేసులు వన్‌టౌన్ వైపే. ఎయిమ్స్, ఎన్ఐఎన్, ఐఐసీటీ, నీరి వంటి సంస్థల నిపుణులు వచ్చి రక్తం, నీరు, పాలు, కూరగాయలు పరీక్షించారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మీదకు అనుమానం వెళ్ళింది. కుళాయి నీటిని వీధివీధికీ పరీక్షించి ఫలితం అందరికీ కనిపించేలా రాసిపెట్టడం ఏలూరుకు ఎందుకు అవసరమో ఆ వారం రోజులు చెప్పాయి.

ఊరి మురుగు చేరే చివరి చోటు కొల్లేరు. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో 901 చదరపు కిలోమీటర్లు చేరాయి. ఆ సరస్సుకు సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు కూడా చివరికి కొల్లేటికే చేరింది. కింద కొల్లేరు నిండితే పైన ఏలూరు మురుగు కదలదు. కొల్లేటి గట్లు, ఉప్పుటేరు పూడిక నగర కౌన్సిల్ ఎజెండాలో ఉండాల్సిన విషయాలు కావని ఎవరైనా అంటే ఒప్పుకోలేం.

రవాణాకు వస్తే, మళ్ళీ ఆ మూడు స్టేషన్లే. వట్లూరులో చదివేవాళ్ళు, పవర్‌పేటలో ఉండేవాళ్ళు, పాత బజారులో పనిచేసేవాళ్ళు ఇప్పుడు షేర్ ఆటోల మీద ఆధారపడుతున్నారు. ఉన్న పట్టాల మీద కాలేజీ, ఆఫీసు వేళలకు కుదిరేలా లోకల్ రైళ్ళు, ప్రతి స్టేషన్ బయటా సిటీ బస్సు, నీడ, నడిచేందుకు చదునైన బాట కలిపితే ఫైర్ స్టేషన్ సెంటర్‌లో రద్దీ తగ్గుతుంది. కొత్త ఫ్లైఓవర్ అడగడం కంటే ముందు అడగాల్సింది ఇది.

చూడాలనుకునేవారికి: విజయవాడ నుంచి ఏలూరు సుమారు 60 కిలోమీటర్లు, 16వ నంబరు జాతీయ రహదారి మీద కలపర్రు టోల్‌ప్లాజా దాటితే చేరువే. వట్లూరులో ఆగేది పాసింజర్లు, మెములే గనుక వేళలు చూసుకుని బయలుదేరండి. ఉదయం పూట కాలువ గట్లు, మధ్యాహ్నం పాత వీధులు, శీతకాలమైతే సాయంత్రం కొల్లేటి పక్షులు చూడవచ్చు. ఇక ఏలూరు వాసులకు ఒక మాట. మీ వార్డు సచివాలయంలో ప్రణాళికా కార్యదర్శి, వసతుల కార్యదర్శి ఉంటారు. మాస్టర్‌ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. గడువు లోపల, మీ వీధి కాలువ ఎటు పారుతుందో గీసి మరీ ఇవ్వండి.